పెట్టె ఎవరిదో వాళ్ళనే సర్దుకోనివ్వండి

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న మా బరంపురంలో సెలవులు దగ్గర పడితే చాలు, ఏదో ఒక వీధిలో ఎవరో ఒకరి అమ్మానాన్నలు సింగపూరుకో దుబాయికో యూరప్‌కో గుంపు యాత్రకు బయలుదేరుతున్నారు. పూరీ, సింహాచలం, తిరుపతి తప్ప మరో ఊరెరగని వాళ్ళు అరవై దాటాక సముద్రాలు దాటుతుంటే నాకు నిజంగా సంతోషం. అందుకు డబ్బు కట్టే పిల్లలంటే గౌరవం. నాకు కోపం తెప్పించేది ఆ పెద్దవాళ్ళను మనం సిద్ధం చేసే తీరు.

పెట్టె కూతురు సర్దుతుంది, లేదా కోడలు. పాస్‌పోర్టు కొడుకు బీరువాలో ఉంటుంది. వీసా కాగితాలు అల్లుడి ఫోనులో ఉంటాయి. ప్రయాణం చేసే మనిషికి మాత్రం తన పెట్టెలో ఏముందో తెలియదు, తాళం అంకెలు తెలియవు. "నువ్వు కంగారు పడకమ్మా, అన్నీ పెట్టేశాం" అంటారు. ప్రేమే, కాదనను. కానీ విమానాశ్రయంలో సామాను అప్పగించేటప్పుడు సాధారణంగా అడిగేది ఏమిటి? "ఈ పెట్టె మీరే సర్దుకున్నారా? ఇతరులు ఇచ్చినవేమైనా ఉన్నాయా?" దీనికి ఆవిడ ఏమని జవాబు చెప్పాలి? పరాయి దేశంలో కస్టమ్స్ వాళ్ళు పెట్టె తెరిపిస్తే సమాధానం చెప్పుకోవలసింది మోసుకెళ్ళిన మనిషే. సర్దినవాళ్ళు అక్కడ ఉండరు.

మన ఊరు అప్పడాలకూ ఊరగాయలకూ పెట్టింది పేరు కాబట్టి ముందు తిండి సంగతే చెబుతాను. గసగసాలు మన మసాలా పొడుల్లో మామూలు దినుసు. సింగపూరులో, దుబాయిలో అవి నిషిద్ధం, మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి. ఇంట్లో కొట్టిన పొడి పొట్లంలో ఏ దినుసులు పడ్డాయో పట్టుకెళ్ళే మనిషికి తెలియకపోతే ఎలా? మన దేశంలోనే 2022 నుంచి ఎండుకొబ్బరిని చెక్‌ఇన్ సామానులో పెట్టనివ్వడం లేదు. అందులోని నూనెకు నిప్పంటుకునే గుణం ఉంది. యూరప్‌కు వెళ్ళేవాళ్ళు నెయ్యి, పాలకోవా, పన్నీరుతో చేసే ఛెనాపోడ ఇంట్లోనే వదలాలి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తీసుకురాకూడదు. ఆవకాయ చేతి సంచిలో పెడితే తనిఖీ దగ్గరే ఆగిపోతుంది, నూనె ఊరగాయను ద్రవంగానే చూస్తారు, నూరు మిల్లీలీటర్లు దాటకూడదు. అప్పడాలు, కారప్పొడి, జంతికలు చాలు. ఆ మాత్రం తిండి లేకుండా పంపమని నేనూ అనను, పరాయి ఊళ్ళో రాత్రిపూట కాస్త కారప్పొడి అన్నం ఎంత ఊరటో నాకు తెలుసు.

మందుల దగ్గర జరుగుతున్నది మరీ ఘోరం. మొన్న మా పిన్ని పెట్టె చూశాను. వారం రోజుల పేర్లున్న ప్లాస్టిక్ డబ్బా, గదికి మూడు మాత్రలు, మూడూ తెల్లగా గుండ్రంగా ఒకేలా ఉన్నాయి. స్ట్రిప్పులు కత్తిరించి పారేశారు, పేరు తెలిపే రేకు ముక్క ఒక్కటీ లేదు. "పిన్నీ, ఇందులో బీపీది ఏది?" అంటే "కోడలికి తెలుసమ్మా" అంది. అక్కడ కళ్ళు తిరిగి పడిపోతే ఏ డాక్టరు ఈ డబ్బాను చూసి ఏం తెలుసుకుంటాడు? మందులు స్ట్రిప్పులతోనే ఉండాలి. కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు కూడా రాసిన డాక్టరు చీటీ వెంట ఉండాలి. ఒక భాగం చేతి సంచిలో పెట్టుకోవాలి, పెద్ద పెట్టె ఒకరోజు ఆలస్యంగా వచ్చినా ఇబ్బంది ఉండదు. కోడీన్ ఉన్న దగ్గు మందులు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలపై గల్ఫ్ దేశాల్లో గట్టి ఆంక్షలున్నాయి. ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్ళకూడదు. ఇవన్నీ పెద్దవాళ్ళకు అర్థం కావని ఎవరు చెప్పారు? మా పిన్ని పట్టుచీరల కొట్టు లెక్కలు ఏళ్ళ తరబడి చూసింది. కచేరీలో ఒడియా దరఖాస్తులు తనే నింపింది. ఆమెకు మూడు మాత్రల పేర్లు గుర్తుండవా?

ఇక పొట్లాలు. యాత్ర సంగతి పొక్కగానే ఎదురింటివాళ్ళు వస్తారు, మా అబ్బాయి అక్కడే ఉన్నాడు, ఈ చిన్న డబ్బా ఇవ్వండి అని. మొహమాటానికి తీసుకుంటారు. గుంపు యాత్రలో ఆ అబ్బాయిని కలిసే వ్యవధి దొరకడమే కష్టం, పైగా అందులో ఏముందో ఎవరూ విప్పి చూడరు. తీసుకోకండి. ఇరుగుపొరుగు నాలుగు రోజులు ముఖం ముడుచుకుంటే ముడుచుకోనివ్వండి. అడిగేవాళ్ళకూ ఒక మాట: పెద్దవాళ్ళ చేతిలో పొట్లం పెట్టడం మర్యాద కాదు.

సరిహద్దులో ఉన్న మనకు పేర్ల తిప్పలు ప్రత్యేకం. తెలుగింట్లో ఇంటిపేరు ముందు, ఒడిశా కాగితాల్లో చివర. ఆధార్‌లో ఒక వరస, పాస్‌పోర్టులో మరో వరస. యాత్ర కార్యాలయానికి వాట్సాప్‌లో ఆధార్ పంపితే టికెట్టు ఆ వరసలోనే వస్తుంది. పాస్‌పోర్టు మొదటి పేజీలో ఉన్నట్టే టికెట్టులో ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోవాలి, ప్రయాణం చేసేవాళ్ళ చేతే చూపించాలి. ఒకే ఒక్క పేరున్న పాస్‌పోర్టుకు సందర్శక వీసా ఇవ్వబోమని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది. చాలా దేశాలు పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి. ఈ రెండూ డబ్బు కట్టకముందే చూడవలసినవి.

యాత్ర కార్యాలయాలకూ చెప్పాలి. మీరు ఇచ్చే కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది, వెంట వచ్చే మేనేజరు హిందీలో మాట్లాడతాడు. ఇక్కడి పెద్దవాళ్ళలో తెలుగు బడిలో చదివినవాళ్ళున్నారు, ఒడియా బడిలో చదివినవాళ్ళున్నారు. హోటల్ పేరు, మేనేజరు ఫోను నంబరు, బస్సు బయలుదేరే వేళ ఆ రెండు లిపుల్లో ఒక్క పేజీ అచ్చు వేయడం మీకు భారమా? మీరు చేయకపోతే పిల్లలు చేతితో రాయాలి. పెద్దవాళ్ళు చదువుకోవడానికి తెలుగులోనో ఒడియాలోనో ఒకటి, తప్పిపోతే అక్కడివాళ్ళకు చూపడానికి ఇంగ్లీషులో ఒకటి. థాయిలాండు 2025 మే నుంచి ఆన్‌లైన్ రాక పత్రం అడుగుతోంది, సింగపూరుకూ అలాంటిదే ఉంది. దాన్ని ఎవరు నింపినా ఒక ప్రతి ప్రయాణం చేసే మనిషి సంచిలో ఉండాలి.

చెప్పులు, బూట్లు కొత్తవి వద్దు. నెల ముందే కొని వాటితోనే రోజూ బజారుకు నడవాలి. బంగారం ఇంట్లో ఉంచండి. దుబాయి, సింగపూరు, మలేషియాల్లో ప్లగ్గులకు మూడు చదరపు పిన్నులు, మన గుండ్రటి పిన్నులు దిగవు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి.

పెట్టె సర్దాక ఒకసారి అమ్మచేతే ఎత్తించి చూడండి. యూరప్ యాత్రల్లో బస్సు నుంచి హోటల్ గది దాకా ఎవరి పెట్టె వాళ్ళే లాక్కెళ్ళాలి. తను రెండు మెట్లు ఎక్కించలేని పెట్టె ఎక్కువైనట్టే. తూకమూ ఇంట్లోనే చూడండి. భువనేశ్వర్ నుంచి ముంబైకో హైదరాబాదుకో విడిగా టికెట్టు కొంటే, చాలా సంస్థలు చెక్‌ఇన్‌కు పదిహేను కిలోలే ఇస్తాయి. విదేశీ విమానంలో ఎన్ని ఉన్నా ఇక్కడ లెక్క వేరు. కౌంటరు దగ్గర తీసేసిన వస్తువులను ఇంటికి పట్టుకెళ్ళడానికి అక్కడ ఎవరూ ఉండరు. దింపడానికి వచ్చినవాళ్ళు ఆపాటికే తిరుగు రైలెక్కి ఉంటారు.