ఖాళీ మాత్ర

నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్ళే దారిలో ఉన్న మా ఊరి చర్చిలో కీర్తన ఎత్తుకుంటే ఆ సంగతి బస్టాండుకు కూడా తెలిసేది. కీబోర్డు అబ్బాయి తన 61 మెట్లలో ఒక్కదానికీ అన్యాయం జరగకూడదన్న పట్టుదలతో వాయించేవాడు. డ్రమ్ ప్యాడ్ అబ్బాయి పల్లవికీ చరణానికీ నడుమ ఊపిరి తీసుకునేంత జాగా దొరికినా అందులో ఒక ఉరుమును ఇరికించేవాడు. శుభ శుక్రవారం దగ్గరపడుతుండగా పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో ఏసయ్య ప్రాణం విడిచే చోట పెళ్ళి బరాత్ వినిపించకుండా చూడండి" అని వాళ్ళను నాకు అప్పగించారు.

మూడు శనివారాలు కూర్చోబెట్టి చెప్పాను. కెహర్వా తాళంలో ఉన్న 8 మాత్రల్లో, అంటే లెక్కల్లో, ఐదోది ఖాళీ అనీ, అక్కడ తబలా జతలోని ఎడమ చేతి డగ్గా గుమ్మనకుండా ఊరుకుంటుంది కనుకనే తిరిగి వచ్చే మొదటి మాత్రకు అంత బరువు వస్తుందనీ వివరించాను. బాస్ గిటారు మోగుతున్నప్పుడు కీబోర్డు మీద ఎడమ చేతికి పని లేదంటే, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలని అడిగాడు, జేబులో అన్నాను. చివరికి ఒక గుర్తు పెట్టుకున్నాం: నేను చెయ్యెత్తగానే అందరూ ఆపాలి.

శుక్రవారం మధ్యాహ్నం నాలుగో మాట తరువాత కీర్తన రెండో చరణంలో ఉన్నాను. ఎండకు పట్టిన చెమటతో కళ్ళద్దాలు ముక్కు మీది నుంచి జారుతుంటే సర్దుకుందామని చెయ్యెత్తాను. కీబోర్డు, ప్యాడ్, గిటారు కత్తితో కోసినట్టు ఆగిపోయాయి. ఏదో జరిగిందనుకుని సంఘమూ ఆగింది. మిగిలింది నా గొంతు ఒక్కటే. ఇరవై ఏళ్ళుగా ఆ చర్చి పాటను నడిపిస్తున్నదని నేను నమ్మిన ఆ గొంతు శ్రుతికి అర మెట్టు కిందుగా, ఎవరితోనూ సంబంధం లేకుండా తన దారిన తాను పోతున్నదని నాకూ, బెంచీల మీది జనమంతటికీ ఒకేసారి తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ ఉరుములు ఎవరి పరువు కాపాడాయో అప్పుడు అర్థమయింది.

ఆరాధన ముగిశాక ప్యాడ్ అబ్బాయి మెరిసే ముఖంతో వచ్చి, "మీరు చెప్పినట్టే ఆపినం గద సార్?" అన్నాడు.

"బ్రహ్మాండంగా ఆపారు. ఈస్టరు నాడు మాత్రం నేను రెండు చేతులెత్తినా ఆపకండి" అన్నాను.