బల్బు పదమూడు వందల వాట్లట!

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, నిన్న ఆఫీసు గ్రూపులో. ఇవాళ పొద్దున్నే మా బాబాయి పంపాడు. "కరెంటు దోపిడీ: రిటైర్డ్ ఇంజనీరు బయటపెట్టిన 5 నిజాలు" అని పైన ఎర్ర అక్షరాలు, ఒక్కో నిజం కింద ఒక్కో లెక్క. చివర బాబాయి చేర్చిన ముక్క: "నీ లైనే కదరా, పదిమందికీ పంపు."

పంపను. జవాబు మాత్రం రాస్తాను.

ఫోన్ తీసేశాక చార్జర్‌ని ప్లగ్గులోనే వదిలేస్తే నెలకు 50 యూనిట్లు కాలుతుందట. అంటే రాత్రింబవళ్లు దాదాపు 70 వాట్లు. అగ్గిపెట్టెంత డబ్బాలో 70 వాట్లు కాలుతుంటే దాన్ని ముట్టుకోగలమా? వెళ్లి ముట్టుకుని చూడండి. చల్లగా ఉంటుంది. అయిపోయింది.

కరెంటు ఆదా చేస్తుందని అమ్మే సేవర్ ప్లగ్గు పెడితే బిల్లు 40 శాతం తగ్గుతుందట. నేనొకటి విప్పి చూశాను. లోపల ఒక చిన్న కెపాసిటరు, ఒక ఎల్‌ఈడీ, దానికో రెసిస్టరు. పవర్ ఫ్యాక్టర్, అంటే లైనులో వచ్చే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు, బాగుపడితే లైనులో కరెంటు కాస్త తగ్గుతుంది, నిజమే. పనికిరాకుండా లైనులో తిరిగే కరెంటుని కూడా కలిపే కేవీఏహెచ్ లెక్కన బిల్లు కట్టే ఫ్యాక్టరీలకు అది డబ్బే. మన ఇంటి బిల్లు కిలోవాట్ అవర్ల మీద, అంటే మనం యూనిట్లనే వాటి మీద, వస్తుంది. కాబట్టి ఆ ప్లగ్గు వల్ల మనకు మిగిలేది పచ్చ లైటు.

ఇక బల్బు. "మల్టీమీటర్‌తో 100 వాట్ల బల్బు రెసిస్టెన్స్ కొలవండి. 40 ఓమ్‌లు చూపిస్తుంది. 230 ఇంటూ 230 బై 40, అంటే 1,300 వాట్ల పైనే! కంపెనీలు మనల్ని మోసం చేస్తున్నాయి!" ఇది చదివి నవ్వొచ్చింది కానీ, రాసినవాడు నిజంగానే కొలిచాడని ఒప్పుకోవాలి. అటక మీద పాత బల్బు ఒకటి ఉంటే నేనూ కొలిచాను. 38 ఓమ్‌లు. తర్వాత వెలిగించి, మీటరుని సిరీస్‌లో పెట్టి చూస్తే 0.43 ఆంపియర్లు. 230ని దానితో భాగిస్తే 530 ఓమ్‌ల పైన, గుణిస్తే 99 వాట్లు. ఫిలమెంటు చల్లగా ఉన్నప్పటి రెసిస్టెన్స్ వేరు, రెండు వేల డిగ్రీలు దాటి మండుతున్నప్పటిది వేరు. ఆ 1,300 వాట్లు స్విచ్చి వేసిన రెప్పపాటు మాత్రం నిజమే. పాత బల్బులు వెలుగుతూ వెలుగుతూ కాకుండా, స్విచ్చి వేయగానే టప్పుమని పోయేది అందుకే.

నాలుగోది: వోల్టేజీ 180కి పడిపోయినప్పుడు గీజర్ వేస్తే, 2,000 వాట్లు రావాలి కాబట్టి 8.7కి బదులు 11.1 ఆంపియర్లు లాగి బిల్లు పెంచుతుందట. అయ్యా, తన మీద 2,000 అని స్టిక్కరు అంటించిన సంగతి కాయిల్‌కి తెలియదు. దానికి ఉన్నదల్లా 26 ఓమ్‌లు. 180 వోల్టులిస్తే 6.8 ఆంపియర్లే లాగుతుంది, 1,225 వాట్లే ఇస్తుంది. పావుగంటలో కాగే నీళ్లు ఇరవై అయిదు నిమిషాల్లో కాగుతాయి, యూనిట్లు దాదాపు అవే. పైగా, కరెంటు పెరిగినా వాట్లు 2,000 దగ్గరే ఉంటే బిల్లెలా పెరుగుతుందో ఆ ఇంజనీరే చెప్పాలి.

కానీ గీజర్ తీసేసి అక్కడ బోరు మోటారు అని రాసి ఉంటే, నేనే ఫార్వర్డ్ చేసేవాణ్ణి. లోడుతో తిరుగుతున్న మోటారుకి వోల్టేజీ తగ్గితే కరెంటు పెరుగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది. లో వోల్టేజీకి ఎన్ని మోటార్లు కాలాయో రీవైండింగ్ షాపువాళ్లని అడిగితే చెబుతారు.

ఇంతవరకూ నవ్వుకుని వదిలేయొచ్చు. అయిదోదాన్ని వదలకూడదు. అది ఎంసీబీ గురించి, అంటే కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే బోర్డులోని స్విచ్చి గురించి.

"ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందా? 16 ఆంపియర్లది తీసి 32 వేయించండి. వైరు రెసిస్టెన్స్ అర ఓమ్ కూడా ఉండదు, కాబట్టి వేడెక్కదు."

అర ఓమ్, కరెక్టే. 1.5 ఎంఎం రాగి వైరు బోర్డు నుంచి ఇరవై మీటర్లు వెళ్లి, మళ్లీ ఇరవై మీటర్లు తిరిగొస్తే సుమారు అంతే. మరి 10 ఆంపియర్లకు ఆ అర ఓమ్‌లో దాదాపు 50 వాట్లు కాలుతుంది. 20కి? వంద కాదు, రెండు వందలు. 30కి 450. మహానుభావుడు బల్బు దగ్గర వోల్టేజీకి స్క్వేరు కట్టాడు, ఇక్కడ కరెంటుకి కట్టడం మర్చిపోయాడు. గీజరు, కెటిలు, ఇస్త్రీపెట్టె ఒకే లైను మీద పెడితే 20 ఆంపియర్లు ఇట్టే దాటుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ కాసేపటికి పడిపోతుంది. 32ది అలాగే చూస్తూ కూర్చుంటుంది. గోడలో గొట్టం లోపల, గాలి ఆడని చోట, 70 డిగ్రీలకు మించి పనికిరాని పీవీసీ తొడుగులో ఉడుకుతూ ఉంటుంది వైరు. ప్లగ్గు దగ్గర స్క్రూ ఒకటి వదులైతే ఇంకా బాగు! అలాంటి అర ఓమ్ ఇంకోటి శనగగింజంత చోటే చేరొచ్చు, గీజర్ ఒక్కటే 38 వాట్లు అక్కడ పోస్తుంది. సీసం కరిగించడానికి నేను వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది.

ఇంత రాశాక బాబాయికి ఫోన్ చేశాను.

"మొన్ననే మార్పించాను రా. అప్పట్నుంచి ఒక్కసారి పడలేదు, తెలుసా!" అన్నాడు సంబరంగా.

గీజర్ ప్లగ్గు పీకి చూడమన్నాను. ఒక పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగిందట, కొంచెం మెత్తబడిందట కూడా. మెయిన్ ఆపించి, పాత ఎంసీబీ పారేయలేదు కదా అని అడిగాను. డ్రాయరులోనే ఉందట. ఆదివారం 4 ఎంఎం వైరు ఒక చుట్ట పట్టుకుని వెళ్తున్నాను. అంతదాకా స్నానాలకి నీళ్లు గ్యాసు మీద కాచుకోమన్నాను.

గ్యాసు ఎవరు కొంటారని పిన్ని వెనకనుంచి అడుగుతోంది.