వేడెక్కని ఓవెన్: విప్పాలా, పారేయాలా?

(చెన్నై, పెరంబూరు. వంటింట్లో పన్నెండేళ్ల నాటి మైక్రోవేవ్ ఓవెన్. లైటు వెలుగుతోంది, పళ్లెం తిరుగుతోంది, సాంబారు మాత్రం చల్లగానే ఉంది. ఏళ్ల తరబడి టీవీలు బాగుచేసిన మామయ్య ఒకవైపు, స్క్రూడ్రైవర్ పట్టుకున్న మేనకోడలు ఇంకోవైపు.)

మేనకోడలు: పారేయమంటారేంటి మామయ్యా? ఫ్యాను, లైటు, పళ్లెం అన్నీ ఆడుతున్నాయి. ఏదో ఒక్క పార్టు పోయుంటుంది. దానికోసం ఇంత సామాను చెత్తలో వెయ్యాలా?

మామయ్య: సామాను పోతే పోయింది. నువ్వా డొప్ప విప్పుతావనే నా భయం.

మేనకోడలు: ప్లగ్గు తీసేశాగా!

మామయ్య: తీస్తే ఏమైంది? లోపల కెపాసిటర్‌లో ఛార్జి నిలవుంటుంది. గోడలోంచి వచ్చేది 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 2000 దాకా పెంచితే, కెపాసిటరూ డయోడూ కలిసి ఇంచుమించు 4000 చేసి, వేడిచేసే తరంగాల్ని పుట్టించే మాగ్నెట్రాన్‌కి అందిస్తాయి. ఆ నిలవని మెల్లగా ఖాళీ చేయడానికి చిన్న రెసిస్టర్ ఉంటుంది. అది పోయిందో ఉందో పైకి చూస్తే తెలీదమ్మా. పాత పిక్చర్ ట్యూబు టీవీల దగ్గర షాకులు తిన్నాను. అక్కడ వోల్టేజీ ఎక్కువైనా కరెంటు తక్కువ, బతికిపోయాను. ఇది ప్రాణం తీస్తుంది.

మేనకోడలు: సరే, విప్పను. విప్పకుండా ఏం పోయిందో తెలుసుకునే దారే లేదా?

మామయ్య: ఉంది. గ్లాసుడు నీళ్లు లోపల పెట్టి, ఫుల్ పవర్‌లో నిమిషం తిప్పు. చెవి దగ్గర పెట్టి విను.

మేనకోడలు: ఫ్యాను చప్పుడే.

మామయ్య: అదీ! బాగున్న ఓవెన్‌లో ఫ్యాను చప్పుడు కింద ట్రాన్స్‌ఫార్మర్‌ది బరువైన రొద ఒకటి వస్తుంది. డయోడో మాగ్నెట్రానో షార్టయితే ఆ రొద మూలుగులా ఇంకా పెరుగుతుంది. నీ దాంట్లో అసలు లేదు. బహుశా ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటే అందట్లేదు. తలుపు బాగా పడుతోందా?

మేనకోడలు: కాస్త జారింది. ఇలా పిడి పట్టి పైకెత్తితే... వచ్చింది మామయ్యా, రొద వచ్చింది! ఉండండి... నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి!

మామయ్య: ఆపు. ముందు ఆపెయ్యి.

మేనకోడలు: దొరికిందిగా! కొత్తది కొనేదాకా ఇలా ఎత్తిపట్టుకుని వాడుకుంటాను.

మామయ్య: ఒక్క పూట కూడా వద్దు. తలుపు కొక్కేలు నొక్కితే పనిచేసే మైక్రోస్విచ్‌లు మామూలుగా మూడుంటాయి. తలుపు మూసుకోకుండా మాగ్నెట్రాన్ మొదలవకూడదనే వాటిని పెట్టారు. లోపలి 2450 మెగాహెర్ట్జ్ తరంగాల్ని బయటికి రానివ్వనిది ఆ తలుపే. జారిన తలుపుని చేత్తో ఎత్తి స్విచ్‌ని నమ్మించావంటే, సందు ఎక్కడుందో నీకేం తెలుసు?

మేనకోడలు: అయితే పారేయాల్సిందేనా?

మామయ్య: ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. మాగ్నెట్రాన్ బాగుంది, నీళ్లే చెప్పాయి. ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి పట్టుకెళ్దాం. మడతబందు సరిచేసి, స్విచ్ కాలిపోయుంటే అదే రేటింగుది వేయించి, తరంగాలు బయటికొస్తున్నాయేమో కొలిచే లీకేజీ మీటరు పెట్టి చూపించమందాం. మీటరు లేదన్న షాపులో ఇవ్వొద్దు.

మేనకోడలు: విప్పేటప్పుడు పక్కన నిలబడి చూడొచ్చా?

మామయ్య: చూడు. కెపాసిటర్‌ని ఎలా ఖాళీ చేస్తాడో ముందు అది చూడు. ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇచ్చి, లోపలి గాజు పళ్లెం తీసి పేపర్లో చుట్టు. ఆటోలో పగులుతుంది.