పార్కు స్థలాన్ని తీసుకోవద్దు
బెంగళూరులోని మా వార్డు ప్రణాళికను సవరించేటప్పుడు అగ్నిమాపక కేంద్రానికి పార్కు స్థలంలోనే చోటు చూపాలని ఒక వ్యాసంలో వచ్చిన సూచనతో నేను ఏకీభవించలేను. ఇదే బెంగళూరులో, రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు ఉద్దేశించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇచ్చినప్పుడు స్థానికులు కోర్టుకు వెళ్లగా, ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. పార్కుల పరిరక్షణకు కర్ణాటకలో 1985 నుంచే ప్రత్యేక చట్టం కూడా ఉంది. అగ్నిమాపక కేంద్రం అవసరమే, కాదనను. అయితే మేముండే మారతహళ్లి వైపు ఇరుకు వీధుల్లో, రెండు పక్కలా కార్లు నిలిపి ఉండగా ఫైరింజను మలుపే తిరగలేకపోతే, కేంద్రం ఎంత దగ్గరున్నా ప్రయోజనమేమిటి? ముందు వీధుల వెడల్పు కొలిచి, ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలాల జాబితాను వార్డు సభలో చదివి వినిపించి, ఆ తరువాతే స్థలం నిర్ణయించాలి. మా పిల్లలకు, సాయంత్రం నడకకు వచ్చే పెద్దలకు ఉన్నది ఆ ఒక్క పార్కే.