సవరణ: క్లచ్‌కు కిలోమీటర్ల గడువు లేదు

స్పోర్ట్స్ కారు క్లచ్ 50,000 కిలోమీటర్లకు మార్చాల్సిందేనని మొన్న రాశాను. అది తప్పు. సర్వీస్ మాన్యువల్ తిరగేశాను, బెంగళూరు జేసీ రోడ్డులో మా మెకానిక్‌నీ అడిగాను. గడువంటూ లేదు, అరుగుదలను బట్టే మార్చాలి. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో రోజూ హాఫ్ క్లచ్ మీద (పెడల్ సగం నొక్కి ఉంచి) పాకే బండికి త్వరగా పోతుంది, హైవే బండికి చాలాకాలం వస్తుంది.

క్లచ్ అరిగిందో లేదో తెలియాలంటే ఖాళీ రోడ్డు మీద, పై గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. ఆర్‌పీఎం ముల్లు (ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపేది) ఎగిరినా వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. మెకానిక్ చూపించిన పాత క్లచ్ ప్లేటులో రివెట్ల తలలు బయటపడి, అది ఆనుకునే ఇంజిన్ చక్రమైన ఫ్లైవీల్‌ను గీసేశాయి. అందాకా ఆగొద్దు. గేర్‌బాక్స్ ఎలాగూ దించుతారు కాబట్టి క్లచ్ ప్లేటును నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కితే ఆ పట్టు విడిపించే రిలీజ్ బేరింగ్ కూడా అప్పుడే మార్పించండి. నా మాట విని క్లచ్‌కు ఆర్డరిచ్చినవాళ్లు ముందు ఈ పరీక్ష చేసి చూడండి.