పిల్లి తినకపోతే రోజులు లెక్కపెడుతూ కూర్చోకండి

కీమో (క్యాన్సర్ మందు) ఇచ్చాక పిల్లి తినకపోతే నాలుగైదు రోజులు చూడండి, అదే సర్దుకుంటుంది అని మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ మాట మార్చండి. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. ఒక్క రోజు పూర్తిగా మానేసినా డాక్టరు గారికి ఫోన్ చేయాలి. వాంతులు ఆగడానికి మారోపిటెంట్, ఆకలికి మిర్టాజపైన్ ఉన్నాయి, మోతాదు మాత్రం ఆయనే చెప్పాలి.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా పిల్లి బుజ్జికి పేగుల్లో లింఫోమా అనే క్యాన్సర్. గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, మూతి నాక్కుంటూ వెనక్కి తిరిగిపోయేది. అలిగిందనుకున్నాం. అది కడుపులో వికారమట, పాపం. శీలావతి ముక్క ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి, ముళ్లు తీసి, గోరువెచ్చగా వేలి మీద పెడితే నాకింది. ఆ రోజు మా అమ్మ ఏడ్చేసింది. చెరువు నుంచి తెచ్చిన పచ్చి చేప మాత్రం వద్దు, కీమో వల్ల రక్తంలో తెల్లకణాలు తగ్గి, రోగాలు తేలిగ్గా అంటుకుంటాయి కదా.

ఒళ్లు వేడిగా ఉందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ముక్క అస్సలు వేయకండి. పిల్లికి అది విషం. కీమో తర్వాత కొన్ని రోజులు మలమూత్రాలు గ్లవ్స్ వేసుకునే తీయాలి.

బుజ్జికి మీసాలు రాలిపోయాయి. ఇప్పుడు మళ్లీ మొలుస్తున్నాయి.