విశ్రాంతి గారికి, 62వ నిమిషం నుంచి

గౌరవనీయులైన విశ్రాంతి గారికి,

నిన్న మహబూబ్‌నగర్‌లో ఒక విదేశీ సినిమా ఉదయపు ఆటకు వచ్చి, నడుమ పిలవకుండానే తమ దర్శనభాగ్యం పొందిన ప్రేక్షకుడు నమస్కరించి వ్రాసుకొన్న విన్నపము.

తెర మీద ఆ ముసలి పియానో విద్వాంసుడు ఎన్నో ఏళ్ళ తరువాత వాద్యం ముందు కూర్చున్నాడు. గంట నుంచి మేమంతా ఆ చేతుల కోసమే ఎదురు చూస్తున్నాము. చేతులు పైకి లేచాయి. గదిలో గడియారం చప్పుడు తప్ప మరేమీ వినిపించడం లేదు. వ్రేళ్ళు మెట్లను తాకబోయే ముందు తెర నల్లబడి, తమ నామధేయం పచ్చటి అక్షరాలతో ప్రత్యక్షమై, దీపాలన్నీ వెలిగి, బంగారు నగల ప్రకటన మోగింది. పక్కనున్న మా బావమరిది ఉలిక్కిపడి, "ముసలాయన సచ్చిపోయిండా బావా?" అని అడిగాడు. అతని తప్పేమీ లేదు.

తమకు ఆ ముహూర్తం పెట్టిన పురోహితుడెవరో తెలుసుకొందామని ఆపరేటర్ గది దాకా వెళ్ళాను. "రెండు గంటల నాలుగు నిమిషాల సినిమా సార్, సరిగ్గా సగానికి పెట్టినం" అన్నాడు ఆ పిల్లవాడు, ఎంతో మర్యాదగా. 124ను రెండుతో భాగిస్తే 62, లెక్క తప్పలేదు. మన దర్శకులైతే తమ కోసం కథలోనే ఒక మలుపు కట్టి పీట వేస్తారు. బయటి దేశాల చిత్రాలలో ఆ పీట ఉండదు కనుక, ఇక్కడ తమరు కంప్యూటర్‌లో పెట్టిన కోత గుండా దిగబడుతున్నారు. సమానంగా పంచడమే తెలిసినవారికి, తాళం ఎత్తుకొనే సమం ఎక్కడ పడుతుందో ఎవరు చెప్పాలి?

తమ పేరుకు అర్థం తమకు తెలియదేమోనని నా అనుమానం. కర్ణాటక సంగీతంలోని ఆది తాళం ఒక్కసారి చేతితో వేసి చూడండి. ఎనిమిది క్రియలలో చప్పుడు చేసేవి మూడే. వ్రేళ్ళు లెక్కించడం, చేయి తిప్పడం కలిపి మిగతా అయిదూ నిశ్శబ్ద క్రియలు. ఆ అయిదింటిలోనూ తాళం ఆగదు. మా వైపు ఒగ్గు కథకుడు మల్లన్న కథను తెల్లవార్లూ చెబుతూ నడుమ నీళ్ళు త్రాగడానికి ఆగుతాడు, కానీ ఎక్కడ ఆగాలో ఆయనే నిర్ణయిస్తాడు. 2022లో పద్మశ్రీ అందుకొన్న దర్శనం మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెరను విన్నవారికి, గొంతు నిలిచిన చోట వాద్యం కథను భుజాన వేసుకొని నడవడం తెలుసు. (కర్ణాటక కచేరీలో మృదంగం వంటి తాళవాద్యాలే మోగే తని ఆవర్తనం మొదలు కాగానే కాఫీకి లేచే పెద్దలున్నారు. వారు తమ బంధువులే అయి ఉంటారు. వారి సంగతి మరొకసారి.)

పాత ప్రొజెక్టర్ల కాలంలో సెకనుకు 24 బొమ్మలు, ఒక్కొక్క బొమ్మ రెండుసార్లు తెర మీద మెరిసేది. మెరుపుకూ మెరుపుకూ నడుమ తెర చీకటే. అంటే మా తాతలు హాలులో గడిపిన కాలంలో దాదాపు సగం ఉత్త చీకటినే చూశారు. ఆ చీకటి మీదుగా బొమ్మలను మనసు తానే అతికించుకొని, మనుషులు నడుస్తున్నారని, ఏడుస్తున్నారని నమ్మింది. మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయం (మెలకువ, కల, గాఢనిద్ర, ఆ మూడింటికీ అవతలిది) అని నాలుగు అవస్థలు చెప్పింది. మెలకువగానే కల కంటూ, అది తన కల కాదని కూడా మరచిపోయే సినిమా ప్రేక్షకుడిని ఎక్కడ కూర్చోబెట్టాలా అని నేను చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. మూత్రశాల ముందు వరుసలో పదిహేను నిమిషాలు నిలబడినవాడి అవస్థకైతే ఉపనిషత్తులో చోటే లేదు.

పాప్‌కార్న్ ధర గురించి నేనేమీ అనను. అది మా టికెట్టును మించిపోయిందని మాత్రం తమ దృష్టికి తెస్తున్నాను.

అసలు దుఃఖం తరువాత వచ్చింది. ఆట మళ్ళీ మొదలైనప్పుడు తలుపులు తెరిచే ఉన్నాయి, సెల్‌ఫోన్ దీపాలు వరుసల వెంట వెతుకుతున్నాయి, "జర జరుగుండ్రి" అంటూ ఒక కుటుంబం నా మోకాళ్ళ మీదుగా దాటుతోంది. ఆ సందడిలోనే ముసలాయన చేతులు మెట్ల మీద పడ్డాయి. ఏ స్వరం పలికిందో నాకు వినిపించలేదు. దేవరకద్ర నుంచి బస్సెక్కి వచ్చి, గంటసేపు ఊపిరి బిగబట్టి కూర్చున్నది ఆ ఒక్క స్వరం కోసమండీ! దాన్ని సమోసా కాగితం చప్పుడు కింద పడేసి తొక్కించావు కదయ్యా! తినేవాడు తింటాడు, లేచేవాడు లేస్తాడు; రాసినవాడు వద్దనుకొన్న చోట నీకేం పని?

క్షమించాలి, నోరు జారింది. తమరితో నాకు పాత స్నేహమే. మా ఊరికి టూరింగ్ టాకీసు వచ్చినప్పుడు ఒక్కటే యంత్రం, రీలు మార్చినప్పుడల్లా తమరు తప్పనిసరిగా వచ్చేవారు. ఆ కాస్త వెలుతురులో గోలీసోడా కొట్టిన చప్పుడు, పల్లీల పొట్టు, వెనుక వరుసకు కథ తిరిగి చెప్పే మా నాయన గొంతు నాకు ఇప్పటికీ వినబడతాయి. అప్పుడు యంత్రానికి తమ అవసరం ఉండేది.

నిన్న తిరుగు బస్సులో మా బావమరిది మళ్ళీ అడిగాడు: "అయితే బావా, లాస్టుకు ఆ ముసలాయన ఏం వాయించిండు?"

ఇట్లు,
ఎఫ్ వరుస, పదకొండో కుర్చీ